రహస్యంగా ఉత్తరాలు రాసుకోవడానికి కంప్యూటర్‌లో ఏ మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకోవాలి?

కొన్నేళ్ల కిందట ఒక పాత సహోద్యోగికి నా మొదటి ఎన్‌క్రిప్టెడ్ మెయిల్, అంటే వేరెవరూ చదవకుండా తాళం వేసిన మెయిల్, పంపాను. అంతకుముందే తాళం వేయడానికి వాడే పబ్లిక్ కీలను ఒకరివి ఒకరం తీసుకున్నాం, పరీక్షించి చూసుకున్నాం, అంతా సవ్యంగానే ఉంది. పావుగంటలో జవాబు వచ్చింది: “అందింది, చదివాను, భలే ఉంది.” ఆ రెండు ముక్కల కింద నేను పంపిన ఉత్తరం మొత్తం అక్షరం పొల్లుపోకుండా మామూలు మెయిల్‌గా తిరిగొచ్చింది. ఆయన ప్రోగ్రామ్ నా ఉత్తరాన్ని విప్పి చూపించింది. జవాబుకు మళ్లీ తాళం వేసే పని మాత్రం ఒక చిన్న బొత్తానికి వదిలేసింది. ఆయన ఆ బొత్తాం నొక్కలేదు. నేను పడిన శ్రమంతా అక్కడితో సరి.

అందుకే ఎవరైనా “ఏ ప్రోగ్రామ్ మంచిది?” అని అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: మీరు ఎవరికి రాస్తారు? వాళ్ల దగ్గర ఏముంది? మెయిల్ ప్రోగ్రామ్‌ను మనకు నచ్చినట్టు ఎంచుకుంటాం కానీ, ఎన్‌క్రిప్షన్ విషయంలో సగం నిర్ణయం అవతలి మనిషి కంప్యూటర్‌లోనే జరిగిపోయి ఉంటుంది.

దారిలో భద్రం వేరు, చివరిదాకా భద్రం వేరు

ఈ తేడా తేలకుండా పోలికలోకి దిగితే ప్రయోజనం లేదు. మెయిల్ ఖాతా అమర్చేటప్పుడు 993, 465 అనే పోర్టు అంకెలు, పక్కనే ఎస్ఎస్ఎల్ లేదా టీఎల్ఎస్ అనే మాట కనిపిస్తాయి. మీ కంప్యూటర్‌కూ మీ మెయిల్ సర్వర్‌కూ మధ్య దారిని కాపాడేది అదే. ఇది తప్పనిసరి. అయితే సర్వర్‌లోకి చేరాక ఉత్తరం మళ్లీ చదవగలిగే రూపంలోనే ఉంటుంది. సర్వర్ నడిపేవారు చదవగలరు, దాన్ని బద్దలుకొట్టినవారూ చదవగలరు.

ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే మీ కంప్యూటర్‌లో తాళం వేసిన ఉత్తరం అవతలి వారి కంప్యూటర్‌లోనే తెరుచుకోవడం. మధ్యలో ఏ సర్వర్‌కూ తాళంచెవి ఉండదు. ఇక్కడ పోల్చేది దీన్నే.

ఇందులోనూ దాగనివి ఉన్నాయి. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది దాగదు. సబ్జెక్టు కూడా చాలా ప్రోగ్రాముల్లో బయటికే కనిపిస్తుంది. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు: మెసేజింగ్ యాప్‌లలో తాళాలు తరచూ మారిపోతుంటాయి. మెయిల్‌లో అలా కాదు. ఒకే కీ ఏళ్ల తరబడి నడుస్తుంది. అది ఒక్కసారి దొంగ చేతికి చిక్కితే, అతను పాత మెయిళ్లను దాచి ఉంచుకుని ఉన్నట్లయితే అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. కబుర్ల స్థాయి రహస్యాలకు మెసేజింగ్ యాప్ చాలు, దానికోసం మెయిల్‌తో కుస్తీ పట్టకండి. పత్రాలు, పెద్ద ఉత్తరాలు, సంవత్సరాల తరబడి భద్రపరచుకోవలసిన సంభాషణలు ఉంటేనే ఈ శ్రమకు అర్థం.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది అవతలివారి పద్ధతి. ఈమెయిల్ ఎన్‌క్రిప్షన్‌లో రెండు ప్రమాణాలున్నాయి: ఓపెన్‌పీజీపీ, ఎస్/మైమ్. ఒకదానిలో కట్టిన మూటను రెండోది విప్పలేదు. రెండోది, మీ ప్రైవేటు కీ, అంటే మీకు వచ్చిన ఉత్తరాలను విప్పే, ఎవరికీ ఇవ్వకూడని తాళంచెవి, ఎక్కడ నివసిస్తుంది, దానికి కాపలా ఏమిటి అన్న ప్రశ్న. మూడోది జారిపోయే చోట్లు: సబ్జెక్టు, చిత్తుప్రతులు, మెయిల్‌లో బయటినుంచి వచ్చే బొమ్మలు. నాలుగోది ఆ ప్రోగ్రామ్ రేపు కూడా ఉంటుందా, దానికి క్రమంగా అప్‌డేట్లు వస్తాయా అన్నది. అందం, వేగం, క్యాలెండర్ లాంటివి ఆ తర్వాతి సంగతి.

మూడో అంశంలో బొమ్మల గురించి ఒక మాట. 2018 మే నెలలో ఈఫెయిల్ అనే లోపం బయటపడింది. ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ బద్దలుకొట్టలేదు. దొంగ తన చేతికి చిక్కిన పాత ఎన్‌క్రిప్టెడ్ మెయిల్ చుట్టూ వెబ్‌పేజీ తరహా కోడ్ చుట్టి మళ్లీ మీకే పంపుతాడు. మీ ప్రోగ్రామ్ దాన్ని బుద్ధిగా విప్పి, అందులోని బొమ్మను తెచ్చుకోవడానికి బయటి సర్వర్‌కు వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ విప్పిన పాఠాన్ని ఆ చిరునామాలోనే మోసుకెళ్లి అప్పగిస్తుంది. తాళం చెక్కుచెదరలేదు, ఇంటివాడే తలుపు తీసి ఇచ్చాడు. ప్రోగ్రాములు ఆ తర్వాత చాలావరకు సర్దుకున్నాయి. అయినా బయటి బొమ్మలను తనంతట తాను తెచ్చుకోని ప్రోగ్రామ్‌నే ఎంచుకోవాలన్న పాఠం అలాగే ఉంది.

ఓపెన్‌పీజీపీయా, ఎస్/మైమా?

ప్రోగ్రామ్ కన్నా ముందు తేలవలసింది ఇదే కాబట్టి కొంచెం తీరిగ్గా చూద్దాం.

ఓపెన్‌పీజీపీకి మూలం 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ విడుదల చేసిన పీజీపీ. దాని స్వేచ్ఛా రూపమైన గ్నూపీజీని వెర్నర్ కోహ్ 1997లో మొదలుపెట్టారు. ఇందులో కీని మీరే తయారుచేసుకుంటారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. “ఈ కీ నిజంగా ఆ మనిషిదేనా?” అన్నది తేల్చుకునే బాధ్యత కూడా మీదే. స్వేచ్ఛ ఎంతో చాకిరీ అంత.

ఎస్/మైమ్‌లో ఒక సర్టిఫికెట్ సంస్థ “ఈ కీ ఈ చిరునామాది” అని ముద్ర వేసి ఇస్తుంది. ఆ సంస్థను మీ ప్రోగ్రామ్ ముందే నమ్ముతుంది. అవతలివారు సంతకం చేసిన, అంటే తామే పంపినట్టు తమ కీతో ముద్ర వేసిన, మెయిల్ ఒకటి పంపితే చాలు, వాళ్ల సర్టిఫికెట్ దానితోపాటే వచ్చి చేరుతుంది. తిరిగి మీరు ఎన్‌క్రిప్ట్ చేసి పంపవచ్చు. కీలు మార్చుకునే తతంగం దాదాపు ఉండదు. పెద్ద కార్యాలయాలు దీన్నే ఇష్టపడతాయి, ఎందుకంటే అందరి సర్టిఫికెట్లనూ ఒకచోటి నుంచి నిర్వహించవచ్చు.

దీనికి మూల్యం కూడా ఉంది. సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది, తీరిన ప్రతిసారీ కొత్తది తెచ్చుకోవాలి. గడువు తీరిందని పాతదాన్ని చెరిపేశారో, దానితో తాళం వేసిన ఉత్తరాలు ఇక ఎప్పటికీ తెరుచుకోవు. కొన్ని సంస్థలు ప్రైవేటు కీని కూడా తామే తయారుచేసి మీకు ఫైలుగా పంపుతాయి. తాళంచెవి ముందుగా వేరొకరి చేతిలో ఉండి వచ్చిందంటే దాన్ని రహస్య ఉత్తరాలకు వాడటం నాకు సమ్మతం కాదు. కీ మీ కంప్యూటర్‌లోనే పుట్టే పద్ధతిని ఇచ్చే సంస్థను వెతుక్కోండి.

వ్యక్తుల మధ్య, విలేకరులు, పరిశోధకులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవారి మధ్య అయితే ఓపెన్‌పీజీపీ. కార్యాలయం లోపల, కార్యాలయాల మధ్య అయితే ఎస్/మైమ్. ఈ రెండిటినీ చదవగల ప్రోగ్రామ్ ఉంటే గొడవ తగ్గుతుంది.

ఓపెన్‌పీజీపీలో ఈ మధ్య ఒక చీలిక వచ్చింది. 2024లో ఆర్ఎఫ్‌సీ 9580 పేరుతో కొత్త ప్రమాణం వెలువడింది. గ్నూపీజీ వర్గం దాన్ని ఒప్పుకోక లిబ్రేపీజీపీ అనే వేరే దారి పట్టింది. మామూలు వాడుకరికి ఇందులో పనికొచ్చేది ఒక్కటే: కీ తయారుచేసేటప్పుడు ప్రోగ్రామ్ చూపే సాధారణ రకాన్నే వాడండి, సరికొత్త రకాలతో ప్రయోగాలు వద్దు. పాత రకం కీని రెండు వర్గాలూ చదువుతాయి.

థండర్‌బర్డ్

చాలామందికి నేను చెప్పే పేరు ఇదే, కారణాలు దాచుకోను. ఇది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఉచితం, మూల కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఓపెన్‌పీజీపీ కావాలంటే ఒకప్పుడు ఎనిగ్‌మెయిల్ అనే అదనపు పొడిగింపు వేసుకోవలసి వచ్చేది. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌తో అది లోపలి భాగమైపోయింది. ఎస్/మైమ్ ముందునుంచీ ఉంది.

అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనే విభాగం తెరిచి, కీ జోడించమంటే కొత్తది తయారుచేస్తుంది. మామూలుగా మూడేళ్ల గడువు పెడుతుంది, దాన్ని తర్వాత పొడిగించుకోవచ్చు. అవతలివారి కీ వచ్చినప్పుడు నాలుగు రకాల జవాబులు అడుగుతుంది: తిరస్కరిస్తున్నాను, ఇంకా తేల్చుకోలేదు, సరిచూడకుండా ఒప్పుకుంటున్నాను, స్వయంగా సరిచూశాను. నాకు ఈ తెర నచ్చుతుంది. అబద్ధం ఆడాలంటే మనిషి సిగ్గుపడేలా అడుగుతుంది.

సబ్జెక్టును కూడా దాచడం దీని గొప్ప సుగుణం. అసలు సబ్జెక్టు తాళం లోపలికి వెళ్లిపోతుంది, బయట మూడు చుక్కలు మాత్రమే మిగులుతాయి. ఇది అర్థంకాని ప్రోగ్రామ్ వాడేవారికి “...” అనే సబ్జెక్టుతో ఒక వింత మెయిల్ కనిపిస్తుంది, వాళ్లు అది ఏదో చెత్త అనుకుని తీసిపారేసే ప్రమాదం ఉంది. మొదటిసారి పంపేటప్పుడు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. చిత్తుప్రతులను కూడా తాళం వేశాకే సర్వర్‌లో దాచే వీలు ఇందులో ఉంది. సగం రాసిన ఉత్తరం సర్వర్‌లోని డ్రాఫ్టుల పెట్టెలో బట్టబయలుగా పడి ఉంటే, పంపేటప్పుడు వేసే తాళానికి అర్థం లేదు.

ఇక లోపాలు. థండర్‌బర్డ్ తన కీలను తన దగ్గరే పెట్టుకుంటుంది. మీ కంప్యూటర్‌లో ఇప్పటికే గ్నూపీజీ ఉండి అందులో కీలు ఉన్నా వాటిని తనంతట తాను చూడదు, విడిగా దిగుమతి చేసుకోవాలి. కీని హార్డ్‌వేర్ పరికరంలో, అంటే స్మార్ట్‌కార్డులో పెట్టుకునేవారు లోతైన సెట్టింగుల్లోకి వెళ్లి గ్నూపీజీతో కలపాలి. అది సాగుతుంది గానీ, సుఖంగా సాగదు. ఇంకొకటి, ప్రైమరీ పాస్‌వర్డ్. ఇది పెట్టుకోకపోతే మీ కీకి నిజమైన కాపలా లేనట్టే. మీ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరికైనా ఉత్తరాలు తెరుచుకుంటాయి. ఇది మొదటి రోజే అడిగి పెట్టించవలసిన సంగతి, కానీ అది పెట్టుకోమని ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయరు.

పదిమందికి ఒకే ఉత్తరం రాసేటప్పుడు అందులో ఒక్కరి కీ లేకపోయినా ఎన్‌క్రిప్ట్ చేసి పంపనివ్వదు. విసుగు పుడుతుంది గానీ, అది చేసేది న్యాయమే. బీసీసీలో ఎవరినైనా పెడితే వాళ్లున్న సంగతి కీల గుర్తుల ద్వారా మిగతావారికి తెలిసిపోవచ్చు. అలాంటివారికి విడిగా పంపండి.

ఔట్‌లుక్

కార్యాలయంలో ఇదే ఇస్తారు కాబట్టి ఎంపిక మీ చేతిలో ఉండకపోవచ్చు. పాత తరహా విండోస్ ఔట్‌లుక్‌లో ఎస్/మైమ్ చక్కగా పనిచేస్తుంది. సర్టిఫికెట్‌ను విండోస్‌లో చేర్చి, ట్రస్ట్ సెంటర్‌లోని ఈమెయిల్ భద్రత విభాగంలో ఎంచుకుంటే సరి. ఓపెన్‌పీజీపీ కావాలంటే జీపీజీ4విన్ వేసుకోవాలి. ఇది జర్మనీ ప్రభుత్వ సమాచార భద్రతా కార్యాలయం తయారు చేయించిన మూట. అందులో గ్నూపీజీ, కీలను చూసుకునే క్లియోపాట్రా, ఔట్‌లుక్‌కు తగిలించే భాగం అన్నీ ఉంటాయి.

చిక్కంతా ‘కొత్త ఔట్‌లుక్’తో. పాత తరహా ప్లగిన్లు అందులో నడవవు. పైగా వేరే సంస్థ ఐమ్యాప్ ఖాతాను (ఐమ్యాప్ అంటే మెయిల్ ప్రోగ్రాములు సర్వర్‌లోని మెయిల్‌ను చదివే మామూలు పద్ధతి) అందులో కలిపితే, ఆ మెయిళ్లు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ గుండా సమకాలీకరణ అవుతాయి. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అంటే మెయిల్ నేరుగా మన కంప్యూటర్‌కే వస్తుందనుకునేవారికి ఇది గుర్తుండాలి. ఎండ్-టు-ఎండ్‌లో రాసుకున్న ఉత్తరాల లోపలి పాఠం దీనివల్ల బయటపడదు, మిగతావన్నీ మాత్రం ఇంకొక సర్వర్‌లోనూ ఉంటాయి.

ఔట్‌లుక్ రిబ్బన్‌లో కనిపించే ‘ఎన్‌క్రిప్ట్’ బొత్తాం చూసి మోసపోకండి. కార్యాలయ ఖాతాల్లో అది తరచూ మైక్రోసాఫ్ట్ సొంత సందేశ రక్షణ సేవను వాడుతుంది. బయటివారు చదవకుండా అది ఆపుతుంది, కానీ కీ సేవ నడిపేవారి దగ్గరే ఉంటుంది. ఇక్కడ మనం వెతుకుతున్నది అది కాదు.

యాపిల్ మెయిల్

ఎస్/మైమ్ వాడేవారికి దీనికన్నా నున్నటి అనుభవం దొరకదు. పాస్‌వర్డులు, సర్టిఫికెట్లు దాచే మ్యాక్ పెట్టె అయిన కీచెయిన్‌లో సర్టిఫికెట్ పడగానే కొత్త మెయిల్ రాసే కిటికీలో తాళం గుర్తు, సంతకం గుర్తు వాటంతట అవే వచ్చేస్తాయి. అదే సర్టిఫికెట్‌ను ఐఫోనులోనూ వేసుకోవచ్చు.

ఓపెన్‌పీజీపీ మాత్రం దీనికి సవతి బిడ్డ. జీపీజీ సూట్ అనే విడి సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, అందులో మెయిల్‌కు సంబంధించిన భాగానికి డబ్బు కట్టాలి. 2023లో వచ్చిన మ్యాక్ సోనోమాతో యాపిల్ పాత ప్లగిన్ పద్ధతిని మూసేసింది. అలాంటి ప్రతి మార్పు తర్వాతా ప్లగిన్ రాసేవారు సర్దుకునేదాకా మీరు కొత్త మ్యాక్ వెర్షన్‌కు మారకుండా ఆగాలి. ఓపెన్‌పీజీపీ మీ రోజువారీ పని అయితే మ్యాక్‌లో కూడా థండర్‌బర్డే వేసుకోమంటాను.

లినక్స్ మీద మరికొన్ని

కేమెయిల్, ఎవల్యూషన్ రెండూ గ్నూపీజీనే వాడతాయి, రెండూ ఎస్/మైమ్ కూడా చదువుతాయి. కేడీఈ డెస్క్‌టాప్ వాడేవారికి మొదటిది, గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికి రెండోది ఇంట్లో మనిషిలా కలిసిపోతుంది. గ్నూపీజీలో కీలు, స్మార్ట్‌కార్డు ముందే అమర్చుకుని ఉన్నవారికి థండర్‌బర్డ్ కన్నా ఇవే తేలిక. మిగతా ప్రోగ్రాములతో కీలను పంచుకుంటాయి కాబట్టి ఒకే పని రెండుసార్లు చేయనక్కర్లేదు.

క్లాజ్ మెయిల్ తేలికపాటిది, మెయిళ్లను మామూలు అక్షరాల్లోనే రాయనిస్తుంది. ఈఫెయిల్ లాంటి దాడికి దొరికే చోటు ఇలాంటి వాటిలో సహజంగానే తక్కువ. మట్ గురించి ఒక్క మాట చాలు: టెర్మినల్‌లో నడిచే ఈ ప్రోగ్రామ్‌ను ఇష్టపడేవారు ఇలాంటి సలహాలు చదవరు, తమ సెట్టింగుల ఫైలు తామే రాసుకుంటారు.

సేవ, ప్రోగ్రామ్ కలిపి ఇచ్చేవారు: ప్రోటాన్, టూటా

కీల తతంగం మొత్తాన్నీ మీ కంటికి కనపడకుండా చేసే దారి ఇది. బదులుగా మీ మెయిల్ చిరునామానే మార్చుకోవాలి.

ప్రోటాన్ 2014లో స్విట్జర్లాండ్‌లో మొదలైంది. లోపల వాడేది ఓపెన్‌పీజీపీయే. ఇద్దరికీ ప్రోటాన్ ఖాతా ఉంటే ఎన్‌క్రిప్షన్ తనంతట తానే జరుగుతుంది. బయటివారి ఓపెన్‌పీజీపీ కీ ఉంటే వారికీ పంపవచ్చు. మీ ప్రైవేటు కీ వాళ్ల సర్వర్‌లో ఉంటుంది, అయితే మీ పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఉంటుంది. సబ్జెక్టు మాత్రం ఎండ్-టు-ఎండ్ రక్షణలోకి రాదు.

వాళ్ల సొంత డెస్క్‌టాప్ యాప్ ఉంది. థండర్‌బర్డ్‌లోనో ఔట్‌లుక్‌లోనో చదువుకోవాలంటే ప్రోటాన్ మెయిల్ బ్రిడ్జ్ వేసుకోవాలి, అది డబ్బు కట్టే ఖాతాలకే దొరుకుతుంది. ఈ బ్రిడ్జ్ మీ కంప్యూటర్‌లోనే 127.0.0.1 చిరునామా దగ్గర చిన్న మెయిల్ సర్వర్‌లా కూర్చుంటుంది. తాళం వేయడం, తీయడం అదే చూసుకుంటుంది, పక్కనున్న థండర్‌బర్డ్‌కు విప్పిన ఉత్తరాలే అందుతాయి. సౌకర్యమే, కానీ దాని పర్యవసానం గమనించండి: మీ డిస్కులో ఉత్తరాలన్నీ విప్పిన రూపంలో నిలవ ఉంటాయి. ల్యాప్‌టాప్ పోతే, డిస్కుకు తాళం లేకపోతే, అన్నీ పోయినట్టే. బ్రిడ్జ్ వాడేటప్పుడు థండర్‌బర్డ్‌లోని ఓపెన్‌పీజీపీని కూడా ఆ ఖాతాకు తగిలించకండి, రెండు తాళాలు కలిసి మీకే అడ్డం తిరుగుతాయి.

2021లో స్విస్ అధికారుల చట్టబద్ధ ఆదేశం మేరకు ప్రోటాన్ ఒక ఖాతాదారు ఐపీ చిరునామాను నమోదు చేసి అందించవలసి వచ్చింది. ఉత్తరంలో ఏముందన్నది దాచినా, ఎక్కడినుంచి లాగిన్ అయ్యారన్నది అదే తాళం దాచదు. ఏ సేవకైనా ఇదే వర్తిస్తుంది.

జర్మనీలోని టూటా ఇంకో రకం. 2023 దాకా దాని పేరు టూటానోటా. ఓపెన్‌పీజీపీ వాడదు, ఐమ్యాప్ ఇవ్వదు. అంటే థండర్‌బర్డ్‌తో గానీ మరో ప్రోగ్రామ్‌తో గానీ కలవదు, వాళ్ల సొంత డెస్క్‌టాప్ యాప్‌నే వాడాలి. ఆ గిరి గీసుకున్నందుకు ప్రతిఫలంగా సబ్జెక్టు, చిరునామాల పుస్తకం, క్యాలెండర్ కూడా తాళం లోపలికి వెళ్తాయి. బయటివారికి పంపాలంటే ముందుగా అనుకున్న ఒక పాస్‌వర్డ్‌తో పంపుతారు, వాళ్లు దాన్ని బ్రౌజర్‌లో తెరుస్తారు. ఇద్దరూ టూటాలోనే ఉంటే ఇంతకన్నా తేలికైన రహస్యం మెయిల్‌లో దొరకదు. అవతలివాళ్లు ఇప్పటికే ఓపెన్‌పీజీపీ వాడుతుంటే మాత్రం టూటా మీకు గోడే.

ఒక్క చూపులో

| ప్రోగ్రామ్ | ఏ కంప్యూటర్‌లో | ఓపెన్‌పీజీపీ | ఎస్/మైమ్ | ప్రైవేటు కీ ఎక్కడ | ఖర్చు |
|---|---|---|---|---|---|
| థండర్‌బర్డ్ | విండోస్, మ్యాక్, లినక్స్ | లోపలే ఉంది | ఉంది | మీ ప్రొఫైల్ ఫోల్డర్‌లో | ఉచితం |
| పాత ఔట్‌లుక్ | విండోస్ | జీపీజీ4విన్‌తో | ఉంది | విండోస్ సర్టిఫికెట్ల నిలవలో, లేదా గ్నూపీజీలో | ఔట్‌లుక్‌కు కట్టేదే |
| యాపిల్ మెయిల్ | మ్యాక్ | విడి సాఫ్ట్‌వేర్‌తో | ఉంది | కీచెయిన్‌లో | ఓపెన్‌పీజీపీకి చెల్లింపు |
| కేమెయిల్, ఎవల్యూషన్ | లినక్స్ | గ్నూపీజీతో | ఉంది | ఓపెన్‌పీజీపీ కీ గ్నూపీజీలో | ఉచితం |
| ప్రోటాన్ | మూడింటిలో | లోపలే, కనపడకుండా | లేదు | సర్వర్‌లో, మీ పాస్‌వర్డ్ కింద | బ్రిడ్జ్‌కు చెల్లింపు ఖాతా |
| టూటా | మూడింటిలో | లేదు | లేదు | సర్వర్‌లో, మీ పాస్‌వర్డ్ కింద | ఉచిత ఖాతా ఉంది |

ఎవరికి ఏది?

మీరు రాసేది ఇద్దరు ముగ్గురికే అయి, వాళ్లకు సాంకేతిక విషయాలంటే విసుగైతే, అందరూ కలిసి ప్రోటాన్‌లోనో టూటాలోనో చేరిపోండి. కీల గురించి పాఠం చెప్పి ఒప్పించడం కన్నా కొత్త చిరునామా ఇప్పించడం సులువు. నా సహోద్యోగి కథలో పొరపాటు ఆయనది కాదు, అలాంటి బొత్తాన్ని ఆయన చేతిలో పెట్టిన నాది. ఇప్పుడు ఆయన, నేను ఒకే సేవలో ఉన్నాం, నొక్కవలసిన బొత్తాం లేదు.

ముక్కూమొహం తెలియనివారు మీకు రహస్యంగా రాయాలంటే, అంటే మీరు విలేకరో, భద్రతా లోపాలు స్వీకరించే వ్యక్తో అయితే, ఓపెన్‌పీజీపీ, దానికి థండర్‌బర్డ్. మీ పబ్లిక్ కీని కీస్.ఓపెన్‌పీజీపీ.ఆర్గ్ సర్వర్‌లో పెట్టండి. అది చిరునామాను మెయిల్ పంపి నిర్ధారించుకున్నాకే ఆ చిరునామాతో కీని వెతకనిస్తుంది. ఎవరుబడితే వారు మీ పేరుతో కీ పడేసే పాత సర్వర్ల కన్నా నయం.

కార్యాలయం సర్టిఫికెట్ ఇచ్చి ఉంటే దానితోనే పోండి, ఔట్‌లుక్‌లోనో యాపిల్ మెయిల్‌లోనో. కానీ ఒక సంగతి: కార్యాలయం ఇచ్చిన కీకి నకలు ఒకటి ఆ కార్యాలయం దగ్గర కూడా ఉండే అవకాశం ఉంది. పోయిన కీని తిరిగి ఇప్పించడానికి అలా పెట్టుకుంటారు. యజమానికి తెలియకూడని ఉత్తరాలు అక్కడినుంచి రాయకండి.

హార్డ్‌వేర్ కీ వాడుతూ లినక్స్ మీద ఉండేవారు కేమెయిల్ లేదా ఎవల్యూషన్ ఎంచుకుంటే కొన్ని సాయంత్రాలు మిగులుతాయి.

మొదటి రోజు

థండర్‌బర్డ్ ఎంచుకున్నారనుకుని చెబుతాను, మిగతావాటిలోనూ వరస ఇదే. ముందు కంప్యూటర్ డిస్కుకు తాళం: విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్. ఇది లేకుండా మెయిల్‌కు వేసే తాళం ఇంటికి గోడ లేకుండా బిగించిన తలుపు లాంటిది. ఆ తర్వాత ఖాతా కలపండి, మెయిల్ తెచ్చుకోవడానికి 993, పంపడానికి 465 పోర్టులు, లేదా 587 మీద స్టార్ట్‌టీఎల్ఎస్. లాగిన్ పద్ధతిలో ఓఆత్2 అని చూపిస్తే అదే ఉంచండి. వెంటనే ప్రైమరీ పాస్‌వర్డ్. ఆ తర్వాతే కీ.

మెయిళ్లలో బయటి బొమ్మలను తెచ్చుకోవద్దన్న సెట్టింగు మొదటినుంచే ఉంటుంది, అది అలాగే ఉందో లేదో ఒకసారి చూడండి. మెయిల్‌ను సాదా అక్షరాల్లో చూపే వీక్షణకు మారితే ఇంకా మంచిది. కొత్త ఉత్తరాలకు సంతకం చేయడం ఎప్పుడూ ఉండేలా పెట్టండి, ఎన్‌క్రిప్షన్‌ను మాత్రం కీ ఉన్నవారికే. పాత పద్ధతిలో, అంటే ఉత్తరం పాఠంలోనే తాళం వేసే ఇన్‌లైన్ పద్ధతిలో మీకు ఎవరైనా పంపితే, ఉత్తరం మొత్తాన్నీ ఒకే మూటగా తాళం వేసే పీజీపీ/మైమ్‌కు మారమని చెప్పండి. ఇన్‌లైన్‌లో తెలుగు అక్షరాలు కొన్నిసార్లు ప్రశ్నార్థకాలుగా, గీతలుగా మారి వస్తాయి. తాళం విప్పినా చదవలేని ఉత్తరం అవుతుంది.

ఇక కీని సరిచూసుకోవడం. సాధారణ రకం కీకి నలభై అక్షరాల ఫింగర్‌ప్రింట్, అంటే ఆ కీని గుర్తుపట్టే కోడ్, ఉంటుంది, నాలుగేసి చొప్పున పది గుంపులుగా. దాన్ని మెయిల్‌లో కాకుండా ఫోనులోనో, ఎదురుగానో చదివి పోల్చాలి. అంకెలతోపాటు ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి, అయినా ఫోనులో బి, డి, ఇ ఒకేలా వినిపిస్తాయి. మొదటిసారి నా సహోద్యోగికి చదివి వినిపించినప్పుడు ఆయన ఆరో గుంపు దగ్గర ఆగి, “బి అన్నారా, డి అన్నారా?” అని మూడుసార్లు అడిగారు. చివరికి బి అంటే బిందె, డి అంటే డబ్బా, ఇ అంటే ఈగ అని ఒప్పందం చేసుకున్నాం. మూడు నిమిషాల పని పదిహేను నిమిషాలైంది, ఇప్పటికీ మా ఇద్దరిలో ఎవరైనా ‘బిందె డబ్బా’ అంటే రెండోవారికి నవ్వొస్తుంది.

చివరగా బ్యాకప్. ప్రైవేటు కీని బలమైన పాస్‌వర్డ్‌తో ఫైలుగా ఎగుమతి చేసి, కంప్యూటర్‌కు బయట రెండు చోట్ల ఉంచండి. గ్నూపీజీతో చేసుకుంటే కీతోపాటే రద్దు సర్టిఫికెట్ కూడా తయారవుతుంది. కీ పోయినా దొంగిలించబడినా దాన్ని చెల్లనిదిగా ప్రకటించడానికి అదే ఆధారం, దాన్ని కూడా పక్కన దాచండి. అలా ఎగుమతి చేసిన ఫైలు నిజంగా పనిచేస్తుందో లేదో చూడకుండా వదిలేయవద్దు. ఇంకో కంప్యూటర్‌లో కొత్త ప్రొఫైల్ తెరిచి, అదే ఖాతా కలిపి, ఫైలును దిగుమతి చేసి, పోయిన నెల వచ్చిన ఎన్‌క్రిప్టెడ్ మెయిల్ ఒకటి నొక్కండి. అది తెరుచుకుంటే ఆ ప్రొఫైల్‌ను చెరిపేసి, పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టి తాళం వేయండి.